ఆర్‌ఎన్‌ఏకు కొత్త కాజాలు

గత నెలలో ఒక రాత్రి, 4 డిగ్రీల శీతల గదిలో నడిపిన జెల్‌ను (అణువులను విద్యుత్తుతో లాగి, కదిలే వేగాన్ని బట్టి విడదీసే మెత్తని పలకను) స్కానర్ మీద పెట్టి చూసినప్పుడు, 4 గీతలు కనబడవలసిన ఎత్తులో నాకు 7 గీతలు కనబడ్డాయి. నాలుగు రకాల ఆర్‌ఎన్‌ఏ లూప్‌లను (పోగు వంగిన చోట ఏర్పడే చిన్న ఉచ్చులను), వాటిని పట్టుకునే సరిజోడుగా ఉండాలని తయారుచేసిన నాలుగు గ్రాహకాలను తీసుకుని, ప్రతి లూప్‌నూ ప్రతి గ్రాహకంతో కలిపి, మొత్తం 16 మిశ్రమాలను పక్కపక్క గడులలో నడిపాను. జంటగా అతుక్కున్న అణువులు జెల్‌లో నెమ్మదిగా కదులుతాయి కనుక వాటి గీత పైనే ఆగిపోతుంది, ఒంటరిగా మిగిలినవి కిందికి జారిపోతాయి. ప్రతి లూప్ తన జోడును మాత్రమే పట్టుకుని ఉంటే పైవరుసలో 4 గీతలే ఉండాలి. అదనంగా వచ్చిన ఆ 3 గీతలు, నేను రూపొందించిన అతుకులు పరాయివాటిని కూడా పట్టుకుంటున్నాయని చెబుతున్నాయి.

ఆరు నెలలుగా నా పని అంతా ఈ అతుకుల చుట్టూనే తిరుగుతోంది. ఆర్‌ఎన్‌ఏతో మనకు కావలసిన ఆకారాలు కట్టడానికి, ప్రకృతిలో లేని కొత్త అతుకులను ఎలా తయారుచేస్తారో, అందులో అసలు కష్టం ఎక్కడ ఉందో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఆర్‌ఎన్‌ఏ సాధారణంగా ఒంటిపోగుగా ఉంటుంది. అది తన మీదకు తానే వంగి, సరిపోయే క్షారాల (పోగులో అక్షరాల్లా వరుసగా ఉండే నాలుగు రకాల రసాయన భాగాల) వరుస ఎక్కడ దొరికితే అక్కడ జతకట్టి, చిన్న చిన్న ద్వికుండలులుగా (రెండు పోగులు పెనవేసుకున్న మెలికలుగా), వాటి కొసన లూప్‌లుగా మడతపడుతుంది. అడినిన్‌కు యురాసిల్, గ్వానిన్‌కు సైటోసిన్ అనే పాఠ్యపుస్తకపు నియమం ఈ మొదటి మడతను చాలావరకు వివరిస్తుంది. అణువు మూడు కొలతలలో ఏ ఆకారంలో నిలబడుతుందో నిర్ణయించేది మాత్రం ఆ తరువాతి అంచె. ఒక ద్వికుండలి కొసన ఉన్న లూప్ దూరంగా ఉన్న మరో ద్వికుండలి గాడిలో కూర్చోవడం, రెండు లూప్‌లు ఎదురెదురుగా వచ్చి తమ క్షారాలను కలుపుకోవడం వంటివి ఆ అంచెలో జరుగుతాయి. ఆర్‌ఎన్‌ఏ వెన్నెముక పొడవునా ఫాస్ఫేట్‌ల ఋణావేశం ఉంటుంది కనుక రెండు ద్వికుండలులు దగ్గరకు వస్తే సహజంగా వికర్షించుకుంటాయి. మెగ్నీషియం అయాన్లు ఆ ఆవేశాన్ని కప్పి, వాటిని దగ్గరగా నిలబడనిస్తాయి. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని అణువులలో కూడా అదే వరుసతో, అదే ఆకారంతో మళ్లీ మళ్లీ కనబడే ఇటువంటి కలయికలను మోటిఫ్‌లు అంటారు.

మా నాన్నగారు దర్జీ. గుడ్డ కత్తిరించి చొక్కా కుట్టడం ఆయన పని, కాజాలు తీయడానికి మాత్రం వేరే మనిషి ఉండేవాడు, ఎందుకంటే అది విడిగా నేర్చుకోవలసిన నైపుణ్యం. బొత్తాం కొలత తెలియకుండా కాజా తీయకూడదని ఆ మనిషి చెప్పిన మాటను నేను ప్రయోగశాలలో చాలాసార్లు తలచుకున్నాను. లూప్‌ను బొత్తాంగా, గ్రాహకాన్ని కాజాగా ఊహించుకుంటే ఇక్కడ చెప్పేదంతా సులభంగా బోధపడుతుంది.

ఈ రంగంలో అందరూ మొదట నేర్చుకునే బొత్తాం జీఎన్‌ఆర్‌ఏ అనే నాలుగు న్యూక్లియోటైడ్ల (ఒక్కొక్క క్షారంతో కూడిన పోగు ముక్కల) లూప్. మొదటిది గ్వానిన్, రెండవది ఏదైనా కావచ్చు, మూడవది అడినిన్ గానీ గ్వానిన్ గానీ, నాలుగవది అడినిన్. మొదటి గ్వానిన్, చివరి అడినిన్ పక్కవాటుగా జతకట్టడం వల్ల మిగిలిన క్షారాలు ఒకదాని మీద ఒకటి పేర్చిన పళ్లేల మాదిరిగా గట్టిగా నిలబడతాయి. లూప్ అనగానే వదులుగా వేలాడే తాడును ఊహించుకుంటాం కాని, ఇది ముందే బిగించి సిద్ధంగా ఉన్న అచ్చు. ఇవి ద్వికుండలి గాడిలో కూర్చుంటాయని ఫ్రాన్స్‌వా మిషెల్, ఎరిక్ వెస్టోఫ్ 1990లో గ్రూప్-1 ఇంట్రాన్ల (పెద్ద ఆర్‌ఎన్‌ఏ నుంచి తమను తామే కత్తిరించుకుని బయటపడే ముక్కల) నమూనాను వరుసల పోలికల ఆధారంగా నిర్మించినప్పుడే ఊహించారు. ఆ తరువాత 1995లో మరియా కోస్టా, మిషెల్ కలిసి, జీఏఏఏ అనే లూప్‌కు 11 న్యూక్లియోటైడ్ల గ్రాహకం ఒకటి అనేక ఇంట్రాన్లలో మళ్లీ మళ్లీ జోడుగా వస్తోందని గుర్తించారు. ఒక పోగు మీద సీసీయూఏఏజీ, ఎదుటి పోగు మీద యూఏయూజీజీ, ఇంతే దాని వరుస. 1996లో జెన్నిఫర్ డౌడ్నా, థామస్ చెక్ బృందాలు టెట్రాహైమెనా అనే ఏకకణజీవి ఇంట్రాన్‌లోని 160 న్యూక్లియోటైడ్ల భాగపు స్ఫటిక నిర్మాణాన్ని ప్రచురించినప్పుడు ఈ బొత్తాం, కాజా ఎలా కలుస్తాయో పరమాణువు పరమాణువుగా కనబడింది.

ఆ నిర్మాణాన్ని తెర మీద తిప్పి తిప్పి చూడడానికి నేను ఒక పూర్తి వారం కేటాయించాను, ఆ వారం వృథా కాలేదు. గ్రాహకంలో రెండు అడినిన్లు పక్కపక్కన ఒకే తలంలో పడుకుని చిన్న అరుగులా ఏర్పడతాయి. లూప్‌లోని రెండవ క్షారం ఆ అరుగు మీద వచ్చి కూర్చుంటుంది. మూడవది, నాలుగవది గాడిలోకి ఒరిగి అక్కడి జతలతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరుచుకుంటాయి. జీఎన్‌ఆర్‌ఏ లూప్‌లన్నింటిలో నాలుగవది అడినిన్ అని పైన చెప్పాను. అంటే గాడిలో ఆ అడినిన్ చేసే పని ఏ లూప్ వచ్చినా ఒకటే, ఒక లూప్‌ను మరొక లూప్ నుండి వేరుగా గుర్తించే భారమంతా రెండవ, మూడవ స్థానాల మీదే పడుతుంది. నా జెల్ మీద వచ్చిన అదనపు గీతలకు మూలకారణం ఇక్కడే ఉంది: కాజాలో సగం అన్ని బొత్తాలకూ సరిపోతుంది.

ప్రకృతి ఇచ్చిన ఈ జతను తీసి వేరే అణువులో పెట్టవచ్చునని చూపినవారు లూక్ యేగర్, నియోక్లిస్ లియోంటిస్. 2000, 2001 సంవత్సరాలలో వారు టెక్టోఆర్‌ఎన్‌ఏ అనే చిన్న అణువులను తయారుచేశారు. ప్రతి అణువుకూ ఒక కొసన జీఏఏఏ లూప్, దానికి 11 క్షార జతల దూరంలో గ్రాహకం ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ ద్వికుండలి ఒక చుట్టు తిరగడానికి దాదాపు 11 జతలు పడుతుంది కనుక లూప్, గ్రాహకం రెండూ ఒకే వైపు ముఖం పెడతాయి, రెండు అణువులు పక్కపక్కన చేరి రెండు చోట్ల ఒకేసారి బొత్తాం పెట్టుకుంటాయి. తగినంత మెగ్నీషియం ఉంటే కొన్ని నానోమోలార్ల అతి పలచని గాఢతలోనే ఈ జంట నిలుస్తుంది. దూరాన్ని ఒకటి రెండు జతలు అటూ ఇటూ మారిస్తే ముఖాలు పక్కకు తిరిగిపోయి అతుకు బలహీనపడుతుంది. 2004లో అర్కాదియస్ ఖ్వొరోస్, యేగర్ తదితరులు లంబకోణపు ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో చతురస్రాలు కట్టి, వాటిని నేలమీది పలకల వలె పరిచి చూపారు. ఆర్‌ఎన్‌ఏను కట్టడ సామగ్రిగా చూడడం నా తరం విద్యార్థులకు నేర్పింది ఈ పనులే.

ప్రకృతిలో దొరికే మంచి అతుకులు చాలా తక్కువ, కష్టమంతా అక్కడ మొదలవుతుంది. నాలుగు ముక్కలను ఒక నిర్దిష్టమైన వరుసలో కలపాలంటే ఒకదానిని మరొకటి పట్టించుకోని నాలుగు వేర్వేరు జతలు కావాలి. అన్ని చోట్లా జీఏఏఏ, 11 న్యూక్లియోటైడ్ల గ్రాహకమే పెడితే ఏ ముక్క ఎక్కడ చేరుతుందో మన చేతిలో ఉండదు. కృత్రిమ మోటిఫ్‌ల అవసరం ఇలా వచ్చింది.

వాటిని తయారుచేసే ప్రధానమైన దారి పరీక్షనాళికలో ఎంపిక. 1990లో క్రెయిగ్ ట్యూర్క్, లారీ గోల్డ్ ఒక చోట, ఆండ్రూ ఎల్లింగ్టన్, జాక్ షోస్టాక్ మరొక చోట కనుగొన్న పద్ధతి ఇది. గ్రాహకం ఉండవలసిన చోట కొన్ని స్థానాలను ఖాళీగా వదిలి, అక్కడ ఏ క్షారమైనా రావచ్చునన్నట్టు డీఎన్‌ఏ అచ్చులను సంశ్లేషణ చేయిస్తాం. నేను 15 స్థానాలు వదిలాను, అంటే 107 కోట్లకు పైగా వేర్వేరు వరుసలు. వాటిని టీ7 పాలిమరేజ్ అనే ఎంజైమ్‌తో ఆర్‌ఎన్‌ఏగా మార్చి, పూసల మీద నిలిపిన లూప్‌ల మీదుగా పోసి, అతుక్కున్నవాటిని ఉంచుకుని, మిగిలినవాటిని కడిగివేసి, అతుక్కున్నవాటిని డీఎన్‌ఏగా మార్చి పెంచి, మళ్లీ మొదటి నుంచి ఇదే చేస్తాం. ఎనిమిది పది విడతలు గడిచేసరికి కోట్ల వరుసలు పోయి కొన్ని కుటుంబాలు మిగులుతాయి. (ఈ పనికి కావలసిన నాలుగు ముడిసరుకులలో ఒకటి ఏటీపీ. దానిని 1929లో హార్వర్డ్‌లో వేరుచేసిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు; అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఆ సీసాను మంచు మీద నుంచి తీసిన ప్రతిసారీ ఆయన గుర్తుకు రావడం నాకు అలవాటైంది.)

కోస్టా, మిషెల్ 1997లో ఈ ఎంపిక పద్ధతినే జీఎన్‌ఆర్‌ఏ లూప్‌ల మీద ప్రయోగించారు. జీఏఏఏకు ప్రకృతి ఎంచుకున్న గ్రాహకమే మళ్లీ బయటపడింది, దానితోపాటు కొత్త గ్రాహకాలు కూడా వచ్చాయి. 2008లో కోడీ గియరీ, స్టెఫనీ బోద్రే, యేగర్ సహజమైన, ఎంపికచేసిన గ్రాహకాలను ఒకే కొలబద్ద మీద పోల్చి చూశారు. వారి పనిలో జీజీఏఏ లూప్‌ను ప్రత్యేకంగా గుర్తించే ఆర్1 అనే కృత్రిమ గ్రాహకం నాకు అన్నింటికన్నా విలువైనదిగా అనిపిస్తుంది. అది బలమైనది, అంతకుమించి నియమం తప్పనిది. జీఏఏఏ జతను, జీజీఏఏ–ఆర్1 జతను ఒకే అణువులో పెట్టినా అవి ఒకదాని దారికి ఒకటి అడ్డు రావు.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. మంచి అతుకును వెతికేవాడు బలాన్ని కొలుస్తాడు, కాని బలం కన్నా ముందు కొలవవలసింది విచక్షణ. ఎంపిక పద్ధతి మనం అడిగినదే ఇస్తుంది. గట్టిగా పట్టుకునేవాటిని మాత్రమే అడిగితే, అది గట్టిగా పట్టుకునేవాటినే ఇస్తుంది, అవి ఇంకెవరిని పట్టుకుంటాయో అడగలేదు కనుక చెప్పదు. గాడిలో నాలుగవ అడినిన్‌ను పట్టుకోవడం బలం సంపాదించడానికి అతి తేలికైన మార్గం, అది అన్ని లూప్‌లకూ ఉమ్మడి అయినదీ కనుక, బలం కోసం నడిపిన ఎంపికలో విచక్షణ లేని గ్రాహకాలే ముందుకు వస్తాయి. నా మొదటి ఎంపికలో జరిగింది అదే. రెండవసారి ప్రతి విడతకూ ముందు మొత్తం సరుకును పరాయి లూప్‌లున్న పూసల మీదుగా పోసి, అక్కడ అతుక్కున్నవాటిని పారవేసి, మిగిలినవాటినే అసలు లూప్‌కు చూపించాను. విడతలు పెరిగాయి, పని రెట్టింపైంది, చివరికి వచ్చిన గ్రాహకాలు మొదటివాటి కన్నా బలహీనమైనవి. వాటినే వాడుతున్నాను.

ఎంత విచక్షణ చాలు అనే ప్రశ్నకు సంఖ్యలతో సమాధానం చెప్పవచ్చు. అసలు జోడుకు, పరాయి జోడుకు మధ్య పట్టులో 100 రెట్ల తేడా ఉండాలనుకుంటే, 25 డిగ్రీల దగ్గర శక్తిలో తేడా మోల్‌కు దాదాపు 2.7 కిలోకేలరీలు ఉండాలి. ఒకటి రెండు హైడ్రోజన్ బంధాల పాటి తేడా అది. వినడానికి చిన్నదే కాని, ఒక క్షారాన్ని ఇటు నుంచి అటు మార్చితే వచ్చే లాభనష్టాలు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి కనుక, ఒక లూప్‌కు 100 రెట్లు సంపాదించిన మార్పు మరో లూప్‌కు 10 రెట్లు దానం చేయడం తరచుగా జరుగుతుంది. పైగా విచక్షణ అణువు ఒక్కదాని గుణం కాదు. గాఢత పెంచినా, మెగ్నీషియం పెంచినా బలహీనమైన పరాయి జంటలు కూడా నిలబడతాయి. ఒక జతకు విచక్షణ ఉందని ఎవరైనా రాస్తే, ఎంత మెగ్నీషియంలో, ఎంత గాఢతలో అని అడగడం మన బాధ్యత.

మెగ్నీషియం విషయంలో ఒక శుక్రవారం జరిగిన పొరపాటు చెప్పాలి. ఆ రోజు జెల్‌లో ఏ జంటా నిలబడలేదు, నమ్మకమైన జీఏఏఏ జంట కూడా విడిపోయి కిందికి జారిపోయింది. ఆర్‌ఎన్‌ఏ చెడిపోయిందేమోనని రెండు రోజులు వెతికిన తరువాత తెలిసినది ఏమిటంటే, ట్రిస్–బోరేట్ మాత్రమే ఉండవలసిన బఫర్‌కు (జెల్ నడిపే ద్రావణానికి) బదులు ఈడీటీఏ కూడా కలిసిన మామూలు బఫర్ సీసాను నేను తీసుకున్నాను. ఈడీటీఏ మెగ్నీషియాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. క్షార జతలన్నీ చెక్కుచెదరలేదు, అణువులు చక్కగా మడతపడే ఉన్నాయి, ఒకదానినొకటి పట్టుకునే శక్తి మాత్రం పోయింది. మొదటి మడత వేరు, అతుకు వేరు అని పుస్తకాలలో చదివిన విషయాన్ని నేను కళ్లతో చూసింది ఆ జెల్ మీదనే.

మరొక రకపు అతుకు కిస్సింగ్ లూప్. దీనిలో రెండు హెయిర్‌పిన్‌ల (కొసన లూప్ ఉన్న ద్వికుండలుల) లూప్‌లు ఎదురెదురుగా వచ్చి, తమ క్షారాలను మామూలు జతల నియమంతోనే కలుపుకుంటాయి. హెచ్‌ఐవీ-1 వైరస్ తన రెండు జన్యు ప్రతులను జంటగా కట్టుకోవడం మొదలుపెట్టేది ఇటువంటి లూప్ వల్లనే. 9 న్యూక్లియోటైడ్ల ఆ లూప్ నడుమ 6 న్యూక్లియోటైడ్లు జతకడతాయి, రెండు ద్వికుండలులూ దాదాపు ఒకే సరళరేఖలో నిలుస్తాయి. కోల్-ఈ1 ప్లాస్మిడ్ (బాక్టీరియాలోని చిన్న డీఎన్‌ఏ వలయం) ప్రతుల సంఖ్యను నియంత్రించే జంట నుంచి వచ్చిన మరో కిస్సింగ్ లూప్ 120 డిగ్రీల దగ్గర వంగుతుంది కనుక, బ్రూస్ షపీరో, యేగర్ బృందాలు దానితో ఆరు ముక్కల వలయాలు కట్టాయి.

కిస్సింగ్ లూప్‌లలో కొత్త జతలను సృష్టించడం చూడడానికి చాలా తేలిక. ఆరు స్థానాలలో 4,096 వరుసలు సాధ్యం. వాటిలో 64 తమతో తామే జతకట్టగలవి. వైరస్‌లోని జీసీజీసీజీసీ అటువంటిదే. వాటిని తీసివేస్తే 2,016 జోడులు మిగులుతాయి. లూప్–గ్రాహకాల లేమితో బాధపడేవాడికి ఇది నిధిలాగా కనబడుతుంది. కాని అన్నీ అడినిన్, యురాసిల్ ఉన్న జోడులు నిలబడవు, అన్నీ గ్వానిన్, సైటోసిన్ ఉన్నవి ఒక తప్పు జతను సహించి కూడా నిలబడతాయి, గ్వానిన్‌తో యురాసిల్ కూడా ఓ మోస్తరుగా జతకట్టగలదు కనుక కాగితం మీద వేరైన రెండు జోడులు నీళ్లలో బంధువులు కావచ్చు. ఆ ఆరింటికి అటూ ఇటూ ఉన్న అడినిన్లు జతకట్టకపోయినా, వాటిని మార్చితే అతుకు సడలుతుంది. ఇన్ని జల్లెడలు పట్టిన తరువాత ఒకే గొట్టంలో కలిసి పనిచేయగల జోడులు కొన్ని పదులకు మించి మిగలవని నా అనుభవం.

ఈ అతుకులతో కట్టిన వాటిలో నాకు ఎంతో ఇష్టమైనది ఆర్‌ఎన్‌ఏ ఒరిగామి. పాల్ రోత్‌మండ్ 2006లో చూపిన డీఎన్‌ఏ ఒరిగామిలో ఒక పొడవాటి పోగును రెండు వందలకు పైగా చిన్న పోగులు మడుస్తాయి, మొత్తాన్ని వేడిచేసి నెమ్మదిగా చల్లార్చాలి. 2014లో గియరీ, రోత్‌మండ్, ఎబ్బ ఆండర్సన్ ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ పోగును, అది పాలిమరేజ్ నుంచి బయటికి వస్తూ ఉండగానే, తనంత తానుగా పలకగా మడతపడేటట్టు రూపొందించారు. పక్కపక్క ద్వికుండలులను కలిపి ఉంచే పనిలో వైరస్ నుంచి తీసుకున్న 180 డిగ్రీల కిస్సింగ్ లూప్‌లు కీలకమైనవి. వేడి, చల్లార్పు అక్కరలేదు కనుక ఇటువంటి ఆకారాన్ని జీవకణం లోపలే తయారుచేయించే అవకాశం కూడా ఏర్పడుతుంది. 2021లో అదే బృందం 2,360 న్యూక్లియోటైడ్ల వరకు పొడవున్న నిర్మాణాలను ప్రచురించింది.

బయటికి వస్తూనే మడతపడడంలో ఒక చిక్కు ఉంది. ముందు పుట్టిన భాగం తరువాత పుట్టబోయే భాగం కోసం ఆగదు. రెండు ద్వికుండలులు చుట్టుకోక ముందే వాటి కొసల లూప్‌లు కలిసిపోతే, ఆ తరువాత చుట్టుకోవడానికి పోగును దూర్చే దారి ఉండదు. ముడి వేసిన తాడును మళ్లీ పేనడం ఎంత కష్టమో అంత. కిస్సింగ్ లూప్ నెమ్మదిగా బిగుసుకోవడం అక్కడ మేలే. 2023లో ఆండర్సన్ బృందం ఆరు ద్వికుండలుల కట్ట ఒకటి మొదట ఒక తప్పు భంగిమలో చిక్కుకుని, గంటల తరువాత గానీ సరైన భంగిమకు రాదని క్రయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపించింది. అతుకుకు బలం, విచక్షణలతో పాటు కాలం కూడా ఒక కొలత అని దాని వల్ల నాకు అర్థమైంది. ఇప్పుడు వాడుతున్న గణన సాధనాలలో చాలావరకు కాలాన్ని లెక్కించవు. స్టాన్‌ఫర్డ్‌లో రిజు దాస్ బృందం 2019లో ప్రచురించిన ఆర్‌ఎన్‌ఏమేక్ అనే సాధనం, లూప్‌కూ గ్రాహకానికీ మధ్య దారిని తెలిసిన మోటిఫ్‌లతో తానే నింపి, అవి కలిసేటట్టు అణువును గీస్తుంది. జ్యామితిలో దాని నైపుణ్యం నన్ను ముగ్ధుడిని చేసింది. కొత్త గ్రాహకం ఇంకెవరిని పట్టుకుంటుందో తెలియాలంటే మాత్రం నాకు ఈనాటికీ 16 గడుల జెల్ కావాలి.

మొదట చెప్పిన ఆ 3 అదనపు గీతల దగ్గరకు వస్తాను. మెగ్నీషియాన్ని 15 మిల్లీమోలార్ నుంచి 5కు తగ్గించి, ఆర్‌ఎన్‌ఏ గాఢతను పదవ వంతు చేసినప్పుడు రెండు గీతలు పోయాయి, అసలు జోడులు నిలిచాయి. మూడవది పోలేదు. జీయూఏఏ లూప్ నా గ్రాహకాన్ని వదిలి, దాని పక్కనే కాండంలో (మామూలు ద్వికుండలి భాగంలో) వరుసగా ఉన్న రెండు సైటోసిన్–గ్వానిన్ జతల గాడిలో కూర్చుంటోందని అనుమానించాను, ఎందుకంటే అటువంటి జంట జతలను ఆ లూప్ ఇష్టపడుతుందని సహజ ఇంట్రాన్ల నుంచి తెలిసిన విషయమే. నేను నెలల తరబడి కాజాను సరిదిద్దుతున్నాను, బొత్తాం పక్కనున్న కుట్టులో దూరుతోంది. ఆ రెండు జతలను తిరగవేసి కొత్త అచ్చు తెప్పించి, గత మంగళవారం మళ్లీ నడిపాను. ఆ గడిలో ఇప్పుడు గీత లేదు. దాని పక్క గడిలో అసలు జోడు గీత మునుపటి కన్నా కాస్త పలచబడింది, ఎంత బలం తగ్గిందో గాఢతలు మార్చుతూ ఈ వారం కొలుస్తున్నాను.